నురగ రాసిన మొహం

మా సెలూన్‌లో రూలన్నది ఒకటే. నురగ రాసిన మొహాన్ని వదిలిపెట్టి పోకూడదు. ఇల్లు తగలబడుతోందని ఎవరైనా పరుగెత్తుకొచ్చి చెప్పినా సరే, గడ్డం పూర్తిచేసి, పటిక రాసి, తువ్వాలుతో తుడిచి, ఆ తర్వాతే కదలాలి. ఈ రూలు పెట్టింది మా నాన్న. "మొహం నిండా నురగతో ఉన్నవాడు లేచి పోలేడు, నోరు తెరిచి మాట్లాడలేడు. మనల్ని నమ్మి మెడ అప్పగించాడు. వాణ్ణి అలా నలుగురిలో నవ్వులపాలు చేసి పోతామట్రా?" అనేవాడు. కత్తి చేతికివ్వడం కన్నా ముందు అన్నయ్యకూ నాకూ నేర్పింది ఆ ముక్కే.

ఆ వానాకాలం ఆ రూలు వచ్చి సరిగ్గా నా పేగుల మీద పడింది.

అంతకు ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పేగుకు గడ్డ అడ్డం పడిందని నాకు ఆపరేషన్ చేశారు. "మంచి గడ్డేనండీ, భయం లేదు" అన్నాడు డాక్టరు. మంచిదైతే కొయ్యడమెందుకని అడుగుదామనుకున్నాను గాని, అప్పటికే కోసేశారు. జానెడుకు పైగా పేగు తీసేసి, ఆ కొసా ఈ కొసా కలిపి కుట్టారట. పైకి కుట్లు తొందరగానే మానాయి. లోపలిదే దారికి రాలేదు. ఏం తిన్నా కాసేపటికి కడుపులో ఉరుము, వెంటనే పరుగు. చెప్పులేసుకునే వ్యవధి కూడా ఇవ్వదు. కడుపులో చల్ల కదలకుండా బతకడమంటే ఎంత భాగ్యమో అప్పుడు గాని తెలిసిరాలేదు.

ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పడానికి ఒక డైటీషియనమ్మ ఉంది. చిన్న వయసే, ఓపిక మాత్రం పెద్దది.

"కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. బాగా నమలండి. కొన్నాళ్లపాటు తొక్కలు, గింజలు, పీచున్నవి, పచ్చి కూరలు వద్దు. కారం, వేపుళ్లు వద్దే వద్దు. తర్వాత ఒక్కొక్కటే మొదలుపెట్టండి. పడితే ఉంచుకోండి, పడకపోతే ఆపండి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు. విరేచనాలైన రోజు ఉప్పూ చక్కెరా కలిపి తాగండి" అంది.

"ఎన్నాళ్లమ్మా ఇలా?"

"ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందండీ. పేగు మళ్లీ పని నేర్చుకోవాలి కదా."

పని నేర్చుకోని పేగుతో ఇంటికొచ్చాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక సంచీ పళ్లు, ఒక సంచీ సలహాలు తెచ్చారు. మా ఆవిడ పిన్ని అయితే ఆకుకూర రసం తీసి గ్లాసు నిండా పోసుకొచ్చింది. "తాగు బాబూ, రక్తం పడుతుంది" అని మంచం పక్కనే నిలబడింది. పెద్దావిడ మాట తీసెయ్యలేక తాగాను. ఆ రోజు మంచానికీ బాత్రూంకీ మధ్య తిరగడంలో తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆవిడ ఆ గ్లాసు కడుగుతూ, "మా పిన్ని మనసు మంచిదే. ఆవిడ చెయ్యి మాత్రం ఇంక మన వంటింట్లో పెట్టనివ్వను" అంది.

అన్నట్టుగానే చేసింది. బంగాళాదుంప ఉడికించి, తొక్క తీసి, వేళ్లతో మెత్తగా నలిపేది. అన్నం మెతుకు కనపడనంతగా ఉడికించేది. క్యారట్ జావ, గుడ్డు తెల్లసొన, కాల్చిన బ్రెడ్డు, మాగిన అరటిపండు. అన్నీ చిన్న చిన్న డబ్బాల్లో సర్ది సంచీలో పెట్టేది. కారం తగలక నా నాలుక చచ్చిపోయింది. నాతోపాటు తనదీ చచ్చిపోయింది, ఎందుకంటే నేను తినేదే తనూ తినేది. "ఇంట్లో పోపు వాసన వస్తే మీరు తట్టుకోలేరు" అంది. నిజమే, తట్టుకోలేను.

వానలు మొదలైన వారంలో షాపుకెళ్లాను. మాది రెండు కుర్చీల సెలూన్. వీధివైపుది అన్నయ్యది, లోపలిది నాది. మీసం మొలవకముందు నుంచీ ఆ కుర్చీ వెనకే నిలబడ్డాను. దాని రెగ్జిన్ నా కళ్లముందే చిరిగింది, మారింది, మళ్లీ చిరిగింది. వెనక తలుపు పక్కన ఒక బల్ల ఉంటుంది. అది నాన్నది. చెయ్యి వణకడం మొదలైన రోజున నాన్న ఎవరూ చెప్పకుండానే కత్తి మడిచి అన్నయ్య చేతిలో పెట్టేశాడు. అప్పటినుంచీ ఆ బల్ల మీద కూర్చుని మా ఇద్దరి చేతుల్నీ కాపలా కాస్తుంటాడు. బల్ల పైన గోడకు మేకు, మేకుకు తాళంచెవి, పోకుండా దానికి కట్టిన విరిగిన దువ్వెన. పెరట్లో అవతలి మూలనున్న బాత్రూం తాళంచెవి అది. మాకూ పక్కనున్న గడియారాల షాపుకూ కలిపి ఒక్కటే బాత్రూం.

రోజూ పొద్దున్నే నాన్నకు గడ్డం గీసేది నేనే. "నీ చెయ్యి పడితే నిద్రొస్తుందిరా" అనేవాడు. అన్నయ్య వింటూ ఉండగా అనేవాడు. అన్నయ్య ఉడుక్కునేవాడు.

పోస్టుమాస్టరు గారు రిటైరై ఏళ్లు గడిచినా ఆ పేరు పోలేదు. రోజు విడిచి రోజు నా దగ్గరే గడ్డం. ఆ రోజు బయట జోరుగా వాన. లోపల నలుగురైదుగురు గోడవారగా వేసిన బల్లల మీద ఎదురుచూస్తున్నారు. ఒక చెంప పూర్తయింది. రెండో చెంప మీద కత్తి ఆనించబోతుండగా కడుపులో ఉరిమింది. పళ్లు బిగించాను. వీపంతా చెమట పట్టింది. ఇంకొక్క క్షణం ఆగితే పరువు అక్కడే పోయేట్టుంది. కత్తి పక్కన పెట్టి, తాళంచెవి లాక్కుని, పొట్ట చేత్తో పట్టుకుని వానలో పెరట్లోకి పరుగెత్తాను.

తడిసి తిరిగొచ్చేసరికి ఆయన సగం నున్నగా, సగం ఎండిన నురగతో అద్దంలో తనను తాను చూసుకుంటూ కూర్చున్నారు. బల్లల మీదివాళ్లు పేపర్లు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"క్షమించండి సార్" అన్నాను.

"ఫర్వాలేదు నాయనా, నాకేం రైలు తప్పిపోదు" అన్నారాయన. ఆయన అంత మంచిగా అనకుండా ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

నాన్న నా వైపు చూడలేదు. మర్నాడు పొద్దున వచ్చి, నా కుర్చీ ముందునుంచే నడుచుకుంటూ వెళ్లి అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. అన్నయ్య ఒకసారి నాకేసి చూసి, బ్రష్షు తడిపాడు. కోసిన పేగు కన్నా అది ఎక్కువ నొప్పెట్టింది.

ఆ సాయంత్రం నేల మీది జుట్టు ఊడుస్తూ అన్నయ్య మాట కదిపాడు.

"ఒరేయ్, నీ ఒంటి సంగతి నాకు తెలియనిదా? కొన్నాళ్లు తువ్వాళ్లు, ఫోన్లు చూసుకుంటూ కూర్చో. పక్క వీధి సెలూన్ మూసేశారు. అందులో చేసినవాడు ఖాళీగా ఉన్నాడు. నీ కుర్చీ దగ్గర పెడదాం."

"కొన్నాళ్లని కూర్చోబెట్టినవాణ్ణి మళ్లీ నిలబెట్టినట్టు ఎక్కడైనా విన్నావా అన్నయ్యా?"

"మరేం చెయ్యమంటావు? వచ్చినవాళ్లు నీ దగ్గర కూర్చోడానికి జంకుతున్నారు. నాకు మాత్రం సరదానా?"

"వానలు తగ్గేదాకా ఆగు. అప్పటికీ ఇలాగే ఉంటే నీ ఇష్టం."

అన్నయ్య చీపురు గోడకానించి, "సరే, వానలు తగ్గేదాకా" అన్నాడు.

ఆ రాత్రి నాకొక మొండి ఆలోచన తట్టింది. లోపలికేమీ పోకపోతే బయటికి వచ్చేదేముంది? ఇంటి దగ్గర మా ఆవిడ కళ్లెదుట తినక తప్పదు, రాత్రి తింటాను. పొద్దున మాత్రం షాపులో తింటానని చెప్పి సంచీ పట్టుకుని బయల్దేరతాను. షాపు మూసేదాకా నీళ్లు కూడా గొంతు తడుపుకోడానికే. ఇంత సులువైన కిటుకు ఆ డైటీషియనమ్మకు తెలియలేదే అని నవ్వుకున్నాను కూడా.

డబ్బాలు ఖాళీగా ఇంటికి చేరాలి గనక దానికీ ఒక దారి దొరికింది. పెరట్లో రేకుల కింద ఒక గోధుమరంగు కుక్క పడుకునేది. ఎముకల గూడు. మొదటిరోజు నలిపిన బంగాళాదుంప దాని ముందు పెడితే, నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూసింది, ఇందులో ఏదో మోసముందన్నట్టు. రెండోరోజు నుంచి ఆ అనుమానం పోయింది.

కిటుకు పారింది. పరుగులు తగ్గాయి. ఒక్క మొహాన్నీ మధ్యలో వదల్లేదు. అన్నయ్య మొహంలో కళ వచ్చింది. "కుదుటపడ్డావురా" అన్నాడు. బెల్టుకు కొత్త కన్నాలు పొడుచుకుంటూ అవునన్నాను. గడియారాల షాపాయన పెరట్లో చెయ్యి కడుక్కుంటూ, "ఈ కుక్కకి ఏదో యోగం పట్టిందయ్యా, ఎలా నిగనిగలాడుతోందో చూడు" అనేవాడు. నా ఒంటి మీది కండంతా మెల్లగా దానికి పట్టింది. మధ్యాహ్నానికల్లా నాకు కళ్లముందు మిణుగురులు తిరిగేవి. కుర్చీ వెనక నిలబడినట్టు నటిస్తూ, నిజానికి దాన్ని పట్టుకుని వేలాడుతుండేవాణ్ణి. ఇంటికి ఉసూరుమంటూ వెళ్లి, తిన్నది కాస్తా రాత్రంతా వదిలించుకుని, తెల్లారేసరికి మళ్లీ ఖాళీ. ఎవరి మీద గెలుస్తున్నానో నాకే తెలియలేదు.

మా ఆవిడ నా చొక్కాలు ఉతుకుతూ, "అన్నీ తింటున్నారు, డబ్బాలు నాకినట్టు వస్తున్నాయి. ఒళ్లెందుకు పట్టడంలేదు?" అనేది. నాకినట్టు కాదు, నిజంగా కుక్క నాకినవే. నేను పంపు కింద కడిగి తెచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పోస్టుమాస్టరు గారు మళ్లీ నా కుర్చీలో కూర్చున్నారు. పాపం, ఆయన నన్ను వదల్లేదు. కళ్లు మూసుకుని మెడ వెనక్కి వాల్చారు. గొంతు దగ్గర కత్తి పెట్టాను. చెయ్యి వణికింది. మొదట అద్దం కదిలిందేమో అనుకున్నాను. కాదు, నా చెయ్యే. కత్తి ఎత్తేలోపే చర్మం మీద ఆవగింజంత ఎర్రచుక్క తేలింది.

ఆయన కళ్లు తెరవలేదు. నేను పటిక ముక్క తడిపి అద్దాను. చుక్క ఆగింది. అద్దంలో అన్నయ్య నన్ను చూస్తున్నాడు. బల్ల మీద నాన్న నా చేతిని చూస్తున్నాడు. అలాంటి చేతినే ఆయన ఒకనాడు తన మణికట్టు చివర చూసుకుని కత్తి మడిచాడు. మిగతా గడ్డం అన్నయ్య వచ్చి పూర్తిచేశాడు. మా సెలూన్‌లో ఒక మొహం మీద ఇద్దరి చేతులు పడటం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ వచ్చింది. పొద్దున గొడుగు మరిచిపోయాను, అది ఇచ్చిపోదామని. వెనక తలుపు తెరిచే ఉంది. పెరట్లోంచి ఆ కుక్క తోకాడిస్తూ, కుంయ్ కుంయ్ మంటూ లోపలికి దూసుకొచ్చింది. మా షాపులోకి అదెప్పుడూ వచ్చింది కాదు. నన్ను దాటింది, అన్నయ్యను దాటింది, తిన్నగా పోయి మా ఆవిడ చేతులు వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లనుంచో ఎరిగిన మనిషిని కలుసుకున్నట్టు.

మా ఆవిడ కుక్కను చూసింది. దాని నిగనిగలాడే వీపు చూసింది. తర్వాత నా చొక్కాలోంచి పొడుచుకొచ్చిన భుజాలు చూసింది.

"ఓహో" అంది. "నేను పొద్దున్నే లేచి, తొక్క తీసి, గింజ తీసి, నలిపి, చల్లార్చి పంపుతున్నది వీరికా? ఒక్కమాట చెప్తే కాస్త ఉప్పు ఎక్కువ వేసేదాన్ని కదండీ!"

బల్లల మీదివాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కళ్లనిండా నీళ్లు. తిన్నగా వచ్చి నా కుర్చీలో కూర్చుంది. "మీరు తినేదాకా నేను ఇందులోంచి లేవను. వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టుకుంటారో కూర్చోబెట్టుకోండి."

"తింటే పరుగెత్తాలి. తినకపోతే చెయ్యి వణుకుతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చెయ్యమంటావే నన్ను?" అన్నాను. గట్టిగానే అన్నాను. అంతమంది ఎదుట ఆ మాట అనాల్సొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"పరుగెత్తండి" అంది. "పరుగెత్తితే మొహం మీది నురగ ఎండుతుంది, అంతేగా? తినకపోతే మీరే ఎండిపోతారు."

అన్నయ్య రేడియో కట్టేశాడు. నేను సంచీలోంచి డబ్బా తీసి, నిలబడే, అందరి ఎదుటా తిన్నాను. నలిపిన బంగాళాదుంప. నిజానికి బాగానే ఉంది. కుక్క నా కాళ్ల దగ్గర కూర్చుని ప్రతి ముద్దనూ లెక్కపెట్టింది. నాన్న తన గొడుగు తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన రూలును ఇంటి కోడలే నలుగురిలో తీసి పారేసింది మరి.

డైటీషియనమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాం. మా ఆవిడ కుక్క సంగతితో సహా చెప్పింది. ఆ అమ్మాయి నవ్వాపుకుని, "కడుపు మాడ్చుకుంటే పేగు ఏం నేర్చుకుంటుందండీ? పొద్దున కాస్త తొందరగా లేచి తినండి. ఆ పరుగేదో ఇంట్లోనే పూర్తిచేసుకుని బయల్దేరండి. తర్వాత గంటా గంటన్నరకు రెండు ముద్దలు. తింటూ తింటూ నీళ్లు తాగేయకండి, మధ్యమధ్యలో తాగండి" అంది. డాక్టరు పేగును నిదానం చేసే మాత్ర రాశాడు.

అలాగే చేశాను. గడ్డాలు అన్నయ్య చూశాడు, నేను కటింగులు చూశాను. కటింగు మధ్యలో ఆపినా ఎవరూ చచ్చిపోరు. అయినా "ఒక్క నిమిషం సార్" అని తాళంచెవి అందుకున్న ప్రతిసారీ మెడలు వంగేవి, పేపర్లు లేచేవి. చెయ్యి వణకడం మానింది. పరుగులు తగ్గాయి గాని, మానలేదు. ఏ పూటకాపూట ఎలా గడుస్తుందో తెలియదు. నిన్న పడిన అరటిపండు ఇవాళ పడదు. బాగుపడుతున్నానో లేదో అడిగితే ఏం చెప్పాలో తోచక, "ఆ, ఏదో" అనేవాణ్ణి. అలసట ఎముకల్లోకి దిగిపోయింది. నాన్న మాత్రం రోజూ పొద్దున అన్నయ్య కుర్చీలోనే కూర్చునేవాడు.

వానలు పలచబడ్డాయి. ఒక సాయంత్రం అన్నయ్య నా మొహం చూడకుండా, "ఆ మనిషిని రేపు పొద్దున ఒకసారి వచ్చి కనపడమన్నాను" అన్నాడు. మాటంటే మాటే కదా. నేను తలూపాను.

మర్నాడు పొద్దున నాన్న ఎప్పటికన్నా ముందే వచ్చాడు. కాసేపు తన బల్ల మీద కూర్చున్నాడు. అన్నయ్య కుర్చీ దులిపి, "రా నాన్నా" అన్నాడు. నాన్న లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి, నా కుర్చీలో కూర్చున్నాడు.

"గీయరా" అన్నాడు.

"నాన్నా, నాకు మధ్యలో..."

"గీయమన్నాను."

తెల్లగుడ్డ కప్పాను. వేడినీళ్లలో బ్రష్షు తడిపి నురగ రాశాను. నాన్న బుగ్గలు లోపలికి పోయాయి. చర్మం వేళ్లతో లాగిపట్టుకుని గీయాలి. నెలల తర్వాత నా చేతికింద ఆ మొహం. ఒక చెంప అయింది. గదవ కిందికి వచ్చాను. అప్పుడు ఉరిమింది. ఎంత గట్టిగా అంటే, అది నాన్నకు కూడా వినపడింది. నేను ఊపిరి బిగబట్టి, కత్తి కదలకుండా పట్టుకున్నాను. ఈ ఒక్క మొహం, దేవుడా, ఈ ఒక్కటి పూర్తి కానీ.

"పో" అన్నాడు నాన్న, కళ్లు మూసుకునే.

"ఇంకొంచెమే నాన్నా."

"పోరా. మొహం ఎక్కడికీ పోదు."

తెల్లగుడ్డ కిందినుంచి నాన్న చెయ్యి బయటికి వచ్చింది. ఆ గుప్పిట్లో తాళంచెవి ఉంది, విరిగిన దువ్వెనతో సహా. కుర్చీలో కూర్చునే ముందే మేకు మీంచి తీసి పట్టుకున్నాడు. వణికే చేత్తో నా చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చేసరికి లోపల కొత్త గొంతు వినపడింది. వెనక తలుపు దగ్గరే ఆగిపోయాను. అన్నయ్య రమ్మన్న మనిషి, చంకలో సామాను సంచీతో నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు.

"తాతా, నురగ ఎండిపోతోంది. నేను పూర్తి చేసేదా?"

"వద్దు."

"ఈ కుర్చీ దగ్గర ఎవరూ లేరు గదా తాతా?"

నాన్న సగం నురగతో, మెడ వెనక్కి వాల్చుకుని, కళ్లు కూడా తెరవలేదు. "మావాడు ఉన్నాడు. పెరట్లోకి వెళ్లాడు. వస్తాడు."

అన్నయ్య కత్తెర ఆపి అద్దంలో నాన్నను చాలాసేపు చూశాడు. తర్వాత ఆ మనిషి వైపు తిరిగి, "అవసరమైతే కబురు చేస్తాలే తమ్ముడూ" అన్నాడు.

నేను తాళంచెవి మేకుకు తగిలించాను. చేతులు మళ్లీ ఒకసారి కడుక్కున్నాను. నాన్న మొహం మీద నురగ ఎండి బీటలు వారింది. బ్రష్షు వేడినీళ్లలో ముంచి, మొదటినుంచి రాశాను.